ఆరో డబ్బా

జూన్ 3, మంగళవారం

ఇవాళ ల్యాబులో చెయ్యి నిలవలేదు. ఒకాయన పై పళ్ల సెట్టు తీసుకెళ్లి ఇంకొకావిడ అచ్చు మీద కూర్చోబెట్టి, ఇదేంటి ఇంత ఎత్తుగా ఉందని పావుగంట అరగదీశాను. ఇరవై ఆరేళ్లుగా కట్టుడు పళ్లు చేస్తున్నాను, ఇలాంటి ఘనకార్యం ఎప్పుడూ చేయలేదు. తప్పు నాది కాదు. పొద్దున్నే ఫోన్ చేసిన హాలావిడది.

నాన్న నలభై ఏళ్లు ఆపరేటరుగా పనిచేసిన సినిమా హాలుకి ఈ నెలతో అరవై ఏళ్లట. పాత ఓనరు కూతురు కదా ఈవిడ, తండ్రిలాగే ప్రతిదీ పద్ధతిగా చేస్తుంది. పాత అమెరికన్ సినిమా ఒకటి పెద్ద తెర మీద ఉచితంగా వేస్తుందట. ఏది వేయాలో చీటీలు రాసి వేయమని నెల రోజులు బయట పెట్టె పెట్టింది. చివరికి రెండు మిగిలాయి. స్టేషన్ సినిమా, టైపిస్టు సినిమా. వాటి అసలు పేర్లు రాయడం దేనికి, చిన్నప్పటి నుంచి మా ఇంట్లో అవే పేర్లు.

ఇరవై ఒకటో తారీకు సాయంత్రం హాల్లో సభ. ఒక్కో సినిమా తరఫున ఒకరు పది నిమిషాలు మాట్లాడాలి. తర్వాత చేతులెత్తడం. ఎక్కువ చేతులు ఏ సినిమాకి లేస్తే అదే ఇరవై తొమ్మిదిన ఆడుతుంది.

"స్టేషన్ సినిమాకి మీరు మాట్లాడతారా?" అంది. ఆవిడ ప్రశ్న పూర్తి కాకముందే సరేనన్నాను. ఆ సినిమా గురించి నాకంటే బాగా చెప్పగలిగేవాళ్లు ఎవరున్నారు? ఎనిమిదేళ్ల వయసులో, నాన్న ప్రొజెక్టరు క్యాబిన్ కిటికీలోంచి, ఒకే ఒక్కసారి చూశాను. ప్రతి సీను కళ్ల ముందే ఉంది.

కాళ్లు నేల మీద ఆనడం లేదు.

జూన్ 4

మా ఆయనకి స్టేషన్ సినిమా కథ మళ్లీ చెప్పాను. "ఇరవై ఎనిమిదేళ్లలో ఇది ఎన్నోసారి?" అన్నారు. లెక్కపెట్టుకోమన్నాను.

జూన్ 6, శుక్రవారం

టైపిస్టు సినిమాకి మాట్లాడేది ఎవరో తెలిసింది.

అక్క.

హాలావిడ చాలా మామూలుగా చెప్పింది. "మీ అక్కగారు వెంటనే ఒప్పుకున్నారండీ. ఆపరేటరు గారి ఇద్దరమ్మాయిలూ చెరో పక్క అంటే జనం విరగబడి వస్తారు." ఆవిడకేం తెలుసు, మేం మాట్లాడుకోక రెండేళ్లయిందని.

తనకి ఎదురుగా నిలబడేది నేనని తెలిసే ఒప్పుకుందా? అడగబోయి ఆగిపోయాను. తెలిసే ఉంటుంది. లెక్కల టీచరు, ఏదీ చూసుకోకుండా సంతకం పెట్టే రకం కాదు.

పెట్టనీ. ఇది అక్క గురించి కాదు, సినిమా గురించి. గెలవాలి, అంతే. ఎదుటివాళ్ల పళ్లు రాలగొట్టడం నా వృత్తికి విరుద్ధం గానీ ఈ ఒక్కసారికి ఫర్వాలేదు.

జూన్ 8, ఆదివారం

శత్రువు బలం తెలుసుకోవాలి కదా. హాలావిడ రెండు సినిమాల డిస్కులూ పంపింది. స్టేషన్ సినిమా డిస్కు కవరు కూడా విప్పలేదు, బట్టీ వచ్చిన పాఠం మళ్లీ చదవడం దేనికి. టైపిస్టు సినిమా మాత్రం కాగితం, పెన్ను పట్టుకుని చూశాను.

ఒక చిన్న ఊరి కోర్టు. అందరూ చెప్పేది టైపు చేసే ఒక అమ్మాయి. సాక్షి అబద్ధం చెబుతున్నాడని ఆమెకి మొదటి రోజే తెలుసు, ఎందుకంటే పోయిన ఏడాది ఇంకో కేసులో అవే మాటలు తనే టైపు చేసింది. అయినా ఉలకదు, పలకదు. గంటా ముప్పావు టకటకమని కొడుతూనే ఉంటుంది. చివరి పది నిమిషాల్లో లేచి నిలబడి ఒక్క మాట అంటుంది. అంతే, అయిపోయింది!

ఇదేం హీరోయినండీ బాబూ. తెలిసింది తెలిసినట్టు మొదటే చెప్పేస్తే అందరూ పెందలాడే ఇళ్లకి పోయేవారు కదా. అక్కకి ఇదెందుకు నచ్చుతుందో మొదటి నుంచీ అర్థం కాదు. కాదు, అర్థమవుతుంది. అక్కా అలాగే ఉంటుంది. నోట్లో మాట నోట్లోనే.

కాగితం మీద పదకొండు లోపాలు రాశాను. చివరి పది నిమిషాల్లో ఏమీ రాయలేదు. చూస్తూ ఉండిపోయాను. అది ఎవరికీ చెప్పను.

జూన్ 9

స్టేషన్ సినిమాలో ఇలాంటి మౌనాలు ఉండవు. ఏడవాలనిపిస్తే ఏడుస్తారు, పరిగెత్తాలనిపిస్తే పరిగెత్తుతారు.

జూన్ 12, గురువారం

ప్రసంగం సిద్ధం! పళ్ల సెట్లకి వాడే మైనం కరిగేలోపు మధ్యమధ్యలో రాసుకున్నాను, కాగితం నిండా గులాబీ రంగు మరకలు.

మొదట కథ. స్టేషన్లో గడియారాలు బాగుచేసే అతను, రైలు తప్పి అక్కడ చిక్కుకుపోయిన నర్సు. ప్రేమ. "రేపు నేను వెళ్లాలి" అంటుంది ఆమె. ఇక్కడి నుంచే అసలు గొప్పతనం. మామూలు దర్శకుడైతే విడిపోవడాన్ని చివరికి దాచుకుంటాడు. ఈయన ఇంటర్వెల్‌కే చూపించేస్తాడు! రైలు కదులుతుంది, అతను ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తుతాడు, గాలికి టోపీ ఎగిరిపోతుంది, లైట్లు. ఇంటర్వెల్ తర్వాత ఇరవై నిమిషాలు ఏమిటంటే, అతని జ్ఞాపకం. గడియారాల కొట్లో ఇద్దరూ దెబ్బలాడుకోవడం, నవ్వుకోవడం, ఆమె అతని చొక్కాకి బొత్తాం కుట్టడం. జ్ఞాపకం అని ఎక్కడా చెప్పడు, మనమే తెలుసుకోవాలి. ఆ తర్వాత రైల్లో ఆమె. కిటికీ పక్కన కూర్చుని ఉండి ఉండి, తర్వాతి స్టేషన్లో దిగిపోతుంది. వానలో పట్టాల వెంట వెనక్కి పరుగు! అతను ఎదురొస్తాడు. చీకటి. "సమాప్తం" అని కూడా పడదు. ఎంత ధైర్యం!

మా ఆయన ముందు నిలబడి చదివాను. చప్పట్లు కొట్టి, "ఒక్క అనుమానం" అన్నారు.

"ఏంటి?"

"మధ్యలో ఎగిరిపోయిన టోపీ చివర్లో నెత్తి మీదకి ఎలా వచ్చింది?"

"కొత్తది కొనుక్కున్నాడు."

"అదే టోపీ అని నువ్వే చెప్తావుగా, పక్కన ఈక ఉంటుందని?"

"అలాంటిదే ఇంకోటి కొనుక్కున్నాడండీ! మీకు ప్రేమ కనబడదు, టోపీ కనబడుతుంది."

నిజానికి ఇదే ప్రశ్న చిన్నప్పుడు నేనూ అక్కని అడిగాను. "కొనుక్కుని ఉంటాడులే" అంది. అంతకుమించి అక్క ఈ సినిమా గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. నేను ఎన్నిసార్లు కథ చెప్పినా చివరిదాకా వినేది. కాదనలేదంటే ఒప్పుకున్నట్టే కదా. మరి ఇప్పుడు టైపిస్టు పక్షాన ఎందుకు నిలబడుతోంది? నా మీద కోపంతో.

కోపం రాదా మరి. నాన్న పోయిన రోజు, అంతమంది చుట్టాల మధ్య, "నువ్వు రాయివే. అమ్మ పోయినప్పుడూ ఏడవలేదు, ఇవాళా ఏడవలేదు" అన్నాను. అక్క చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అన్నది అబద్ధమేమీ కాదు.

ఇది సినిమా గురించి. మళ్లీ మళ్లీ ఎందుకు రాసుకుంటున్నానో.

జూన్ 15, ఆదివారం

మధ్యాహ్నం మా ఆయన సరదాకి స్టేషన్ సినిమా డిస్కు పెట్టారు.

వాన పరుగు మధ్యలో వచ్చింది.

టోపీ చివర్లో ఎగిరింది. ఆమె వెళ్లిపోయింది. తిరిగి రాలేదు. తెర నిండా పెద్ద పెద్ద అక్షరాలతో "సమాప్తం" అని ఇంగ్లీషులో పడింది.

జూన్ 16, సోమవారం

డిస్కు తప్పు. పాత సినిమాలని ఎవడో ఇష్టమొచ్చినట్టు ముక్కలు చేసి అతికిస్తుంటాడు. మా ఆయన, "మరి టోపీ లెక్క సరిపోయిందిగా" అన్నారు. పుండు మీద కారం.

రేపు హాలుకి వెళ్లి అడుగుతాను. సభలో అందరి ముందూ తప్పుడు కథ చెప్పేదాన్నా నేను? కాదు, డిస్కే తప్పు.

జూన్ 17, మంగళవారం

రాయాలి. 

హాలావిడ నా గోల అంతా విని, క్యాబిన్ బీరువా తెరిచింది. "మా నాన్న రూలు తెలుసు కదా. ప్రతి ఆట అయ్యాక ఆపరేటరు పుస్తకంలో రాయాలి. కరెంటు పోయినా, ఫిలిం తెగినా, కారణంతో సహా. సంవత్సరం చెప్పండి." చెప్పాను. ఆ సంవత్సరం నాకు తెలియకపోవడమేమిటి, అమ్మ పోయిన సంవత్సరం. ఆస్పత్రికి వెళ్లిన అమ్మ ఇంటికి రాలేదు. ఇంట్లో మమ్మల్ని చూసేవాళ్లు లేక నాన్న ఇద్దరినీ క్యాబిన్‌కి తీసుకెళ్లేవారు. అక్కకి పదమూడు. సినిమా ముక్కలుగా చుట్టి వచ్చే ఫిలిం డబ్బాలు నంబరు చూసి అందించడం అక్క పని. అడ్డం రాకుండా కూర్చోవడం నా పని.

నాన్న చేతిరాత. అచ్చుగుద్దినట్టు రాసుకుంటున్నాను ఇక్కడ.

"మ్యాటినీ. డబ్బాలు వేసిన వరుస 1, 2, 3, 6, 5, 4. ఇంటర్వెల్ ఆరో డబ్బా తర్వాత ఇచ్చాను. సమాప్తం పడకుండా లెన్సు మూశాను. కారణం: పెద్దది అడిగింది. అమ్మ వస్తుందా అని చిన్నది నాలుగు రోజులుగా అడుగుతోంది. ఆమె వెళ్లిపోవడం దానికి ఆఖర్న చూపించొద్దు నాన్నా, తిరిగొచ్చేది ఆఖర్న పెట్టు అంది. జనం పదకొండు మంది. ఫిర్యాదులు లేవు. ఒకాయన బాగుందన్నాడు."

కింద ఎర్ర సిరాతో ఓనరు: "ఇక మీదట ఇలా చేయరాదు."

దాని కింద మళ్లీ నాన్న: "ఫస్ట్ షో. డబ్బాలు 1 నుంచి 6, వరుసగా. చిన్నది నిద్రపోయింది. పెద్దది కిటికీ దగ్గర నిలబడి మొత్తం చూసింది."

హాలావిడ మంచినీళ్లు ఇచ్చింది. తాగానో లేదో గుర్తు లేదు.

జూన్ 18

నలభై నాలుగేళ్లు. "కొనుక్కుని ఉంటాడులే."

జూన్ 19, గురువారం

స్కూలు వదిలే వేళకి గేటు దాకా వెళ్లాను. అక్క వచ్చింది, భుజాన సంచి, చేతిలో జవాబు పత్రాల కట్ట, జుట్టు ఇంకా నెరిసింది. నేను చెట్టు చాటుకి తప్పుకున్నాను. యాభై రెండేళ్ల మనిషిని, దొంగలా.

ఎందుకు పిలవలేదంటే, ఇలా గేటు దగ్గర గుసగుసగా చెబితే సరిపోదు. రాయివి అని అన్నది అంతమంది ముందు. వెనక్కి తీసుకోవడం ఒక్కదాని చెవిలోనా? అందరి ముందు అన్నాను, అందరి ముందే తీసుకోవాలి.

ఇంటికొచ్చి ప్రసంగం చించేశాను. దర్శకుడి ధైర్యమట! ఆయనకి పాపం ఏమీ తెలియదు.

ఇప్పుడు భయంగా లేదు. విచిత్రం, మళ్లీ మొదటి రోజులాగే ఉంది. ఎప్పుడెప్పుడు శనివారం వస్తుందా అని ఉంది. అక్క వినకుండా లేచి వెళ్లిపోతే? వెళ్లిపోతుందేమో. రెండేళ్ల కింద అలాగే వెళ్లిపోయింది కదా. ఈసారి వెనక పరిగెత్తుతాను.

జూన్ 20

మా ఆయన కొత్త ప్రసంగం వినిపించమన్నారు. కాగితం లేదన్నాను. ఆయనకి గుండె గుభేలుమంది.

జూన్ 21, శనివారం

అయిపోయింది! వరుసగా రాస్తాను, లేకపోతే నేనూ డబ్బాలు తారుమారు చేస్తాను.

హాలు నిండిపోయింది. నేను పళ్లు చేసిచ్చే డాక్టరు గారు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు, ఆయన పక్కన మేం పళ్లు కట్టిన పెద్దాయన. అక్క వేదికకి అటు చివర కుర్చీలో, చీర మడతలు సర్దుకుంటూ. నా వైపు చూడలేదు. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను.

మొదట నన్ను పిలిచారు. మైకు పట్టుకున్నాను. 

"స్టేషన్ సినిమా తరఫున మాట్లాడమన్నారు. నేను ఆ సినిమా పోయిన ఆదివారమే మొదటిసారి చూశాను" అన్నాను. జనం నవ్వారు. అక్క తలెత్తింది.

అన్నీ చెప్పాను. డబ్బాల వరుస, టోపీ, పదకొండు మంది, బాగుందన్న ఒకాయన. టోపీ దగ్గర హాలంతా గొల్లుమంది. పెద్దాయన నవ్వితే పై సెట్టు కదల్లేదు, అది నా పనితనం. తర్వాత అమ్మ గురించి చెప్పేటప్పటికి ఎవరూ నవ్వలేదు.

"నాకిష్టమైన సినిమా ఏదంటే, ఒకే ఒక్క ఆట ఆడింది. తీసింది అమెరికా వాళ్లు కాదు. మా అక్క. పదమూడేళ్ల పిల్ల. నాకు సుఖాంతం ఇచ్చి, సాయంత్రం ఒక్కతే నిలబడి అసలు ముగింపు చూసింది. అలాంటి అక్కని నేను రాయివి అన్నాను. చుట్టాలందరి ముందూ అన్నాను. మీ అందరి ముందూ తప్పయిందని చెప్పుకుంటున్నాను. అక్కా, తప్పయిందే. సినిమాకి ఓటు వేస్తారో లేదో మీ ఇష్టం."

చప్పట్లు వినబడలేదు, చెవుల్లో హోరు. అక్క లేచింది.  వెళ్లిపోతోందనుకున్నాను. నేరుగా వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"ముప్ఫై నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. స్టెప్పులు వరుసలో లేకపోతే ఒక్క మార్కు వేయను. జీవితంలో ఒక్కసారి నేనే స్టెప్పులు తారుమారు చేశాను. ఆన్సర్ తప్పొచ్చింది. అయినా ఫుల్ మార్కులు వేసుకున్నాను, ఎందుకంటే ఆ వేళ మా చెల్లి అన్నం తింది."

గొంతులో ఏ మార్పూ లేదు. గుక్క తిప్పుకోకుండా టైపిస్టు సినిమా గురించి తొమ్మిది నిమిషాలు వాయించింది. నా పదకొండు లోపాలూ ఒక్కొక్కటే గుణాలుగా మార్చేసింది. "తెలిసిన నిజం వెంటనే చెప్పేవాళ్లు తెలివైనవాళ్లు. ఎదుటివాళ్లు తట్టుకునే రోజు దాకా మోసేవాళ్లు కూడా ఉంటారు. ఈ సినిమా వాళ్లది" అంది. మా అక్క! అంత మాట్లాడగలదని నాకేం తెలుసు?

నేను టైపిస్టుకి చెయ్యెత్తాను. మా ఆయన నోరెళ్లబెట్టారు.

స్టేషన్ సినిమా గెలిచింది. ఏడు చేతుల తేడా.

మెట్లు దిగుతుంటే అక్క వెనక నుంచి వచ్చింది. "జనాన్ని ఏడిపించి గెలిచావు. ఇది మోసం" అంది.

రెండేళ్ల తర్వాత మొదటి మాట.

జూన్ 22

పొద్దున్నే లేచి ఆ మాట మళ్లీ చదువుకున్నాను. మోసమట!

జూన్ 29, ఆదివారం

మ్యాటినీ.

అక్క నా పక్కనే కూర్చుంది. మా ఆయన్ని వెనక వరుసలోకి తరిమేసింది, టోపీ గురించి వాగుతారని. ఇప్పుడు డబ్బాలు లేవు, మిషన్లు మారే గడగడ లేదు. అయినా ఎక్కడ ఏ డబ్బా మొదలవుతుందో ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. నాలుగో డబ్బా, వాన, పరుగు. మధ్యలో చూసినా బాగుంది. చప్పట్లు కొట్టాను. ఐదు. బొత్తాం కుట్టింది. అది జ్ఞాపకం కాదు, నిజంగానే వాళ్లకి ఆ రోజులున్నాయి. అది తెలిశాక ఆ సీను ఇంకా నచ్చింది. సరే, రాస్తున్నాను, సరైన వరుసలో కూడా ఇదే నా సినిమా.

ఆరో డబ్బా మొదలవుతుండగా అక్క నా చెయ్యి పట్టుకుంది.

"బయటికి వెళ్దామా, చంటీ?"

నాన్న పోయాక నన్ను అలా పిలిచిన మనిషి లేదు.

"ఎందుకే? చూద్దాం. నేనున్నానుగా" అన్నాను.

రైలు కదిలింది. అతను పరిగెత్తుతున్నాడు. టోపీ ఎగిరింది. అక్క ఏడ్చింది. మామూలుగా కాదు, వెక్కి వెక్కి, ముక్కు ఎగబీలుస్తూ, భుజాలు అదిరిపోయేలా, చిన్నపిల్లలా. ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి ష్ అన్నారు. "మీరు ష్" అన్నాను. నా కొంగు ఇచ్చాను. సమాప్తం పడింది, లైట్లు వెలిగాయి, జనం వెళ్లిపోయారు, అక్క ఇంకా ఏడుస్తూనే ఉంది. హాలావిడ తలుపు దగ్గర నిలబడి, వేయాల్సిన తలుపు వేయకుండా అటు తిరిగి నిలుచుంది.

నాకు ఏడుపు రాలేదు. ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు చూసుకోవాలి కదా.

కాస్త తేరుకున్నాక అడిగాను. "ఆ సాయంత్రం ఎందుకు చూశావే? నువ్వూ నాతోపాటు పడుకోవాల్సింది."

అక్క నా కొంగుతోనే ముక్కు తుడుచుకుంది.

"ఇంట్లో ఒకరికైనా తెలియాలి కదే, చంటీ. ఆవిడ తిరిగి రాలేదని."